పదికి తొమ్మిది, ఏడు, అయిదు

వేసవిలో కాలువలకు నీళ్లు కట్టేశాక మా కోనసీమ ఊళ్లలో వాయిదా వేసుకున్న ఇంటి పనులన్నీ ఒక్కసారిగా ముందుకొస్తాయి. నిరుడు అలాగే పెంకులు సర్దించి గోడలకు సున్నం వేయిద్దామని గదులు ఖాళీ చేస్తుంటే, అటక మీది ట్రంకు పెట్టె కిందికి దిగింది. 1996 నవంబరు తుపానుకు పైకప్పు సగం లేచిపోయి, పెరట్లో కొబ్బరి చెట్లు వరసగా ఒరిగిపోయిన రాత్రి కూడా ఆ పెట్టెలోకి నీటి చుక్క పోలేదు. అందులో నా బి.ఇడి. నోట్సు, ఒకటి రెండు పాత హాజరు పట్టీలు, పురికొసతో కట్టిన ఒక కాగితాల కట్ట ఉన్నాయి. ఆ కట్ట 1987 డిసెంబరులో మా తొమ్మిదో తరగతి పిల్లలు రాసిన విహారయాత్ర వ్యాసాలు. నేను లెక్కల మాస్టారిని, వ్యాసాలు దిద్దడం నా పని కాదు. కాని యాత్రకు తీసుకెళ్లింది నేనే కావడం వల్ల, తెలుగు మాస్టారు ఆ వారం సెలవులో ఉండడం వల్ల, ఎర్ర సిరాతో మార్కులు వేసే పని కూడా నా మీదే పడింది. కట్ట విప్పి ఒక్కొక్క కాగితమే చదువుతూ మూడింటిని విడిగా తీసి పక్కన పెట్టాను. సున్నం వేసేవాళ్లు వచ్చి పిలిచేదాకా ఆ మూడింటితోనే కూర్చున్నాను.

యాత్ర ధవళేశ్వరానికి. కాటన్ దొర ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852 నాటికి పూర్తయిన ఆనకట్ట గురించి పిల్లలు పాఠంలో చదువుకున్నారు. దాని స్థానంలో వచ్చిన కొత్త బ్యారేజీ అప్పటికి కొద్ది ఏళ్లదే. అద్దె బస్సులో రావులపాలెం దాటి, లొల్ల లాకుల దగ్గర చెట్ల కింద దిగి, ఇళ్ల నుంచి మూటలు కట్టి తెచ్చుకున్న పులిహోర, పెరుగన్నం తిని, ఆత్రేయపురం మీదుగా బొబ్బర్లంక చేరుకున్నాం. పూతరేకుల దగ్గర బస్సు ఆపమని పిల్లలు ఎంత గోల చేసినా నేను ఆపనివ్వలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ మాత్రం ఆపవలసింది.

మర్నాడు బడిలో ‘చూసింది రాయండి’ అని అందరికీ ఒకే మాట చెప్పాను. ఆ ఒక్క మాటకు ఈ ముగ్గురూ ఇచ్చిన జవాబులు ఒకదానితో ఒకటి పోల్చలేనివి.

మొదటిది గోదావరి మధ్య లంకలోంచి రోజూ పడవ దాటి వచ్చే అమ్మాయిది. బ్యారేజీ దగ్గర బోర్డుల మీద ఉన్న వాక్యాలు ఆమె కాగితంలో పొల్లుపోకుండా ఉన్నాయి. సంవత్సరాలు, పాయల పేర్లు, తూర్పు డెల్టా, మధ్య డెల్టా, పశ్చిమ డెల్టా అనే విభజన, అన్నీ సరిగ్గా వచ్చిన వరసలోనే వచ్చాయి. అక్కడ ఆమె చేతిలో కాగితం గాని, పెన్సిలు గాని నేను చూడలేదు. బోర్డు ముందు నిలబడి పెదవులు కదుపుతూ మూడు నాలుగుసార్లు చదువుకోవడం మాత్రం గుర్తుంది.

రెండోది కొబ్బరికాయలు వలిచే మేస్త్రి కొడుకుది. వాడు ధవళేశ్వరం వైపు పాయ మీది తలుపులను మొదటి నుంచి లెక్కపెట్టుకుంటూ నడిచాడు. సగం దాటాక ఎవడో పలకరిస్తే లెక్క తప్పింది. తప్పిన చోటు నుంచి ఉజ్జాయింపుగా మొదలుపెట్టవచ్చు కదా? వాడు అలా చేయలేదు. వెనక్కి వెళ్లి మొదటి తలుపు మీద చెయ్యి వేసి మళ్లీ ‘ఒకటి’ అన్నాడు. డ్రైవరు హారను మోగిస్తుంటే, మిగతా పిల్లలు బస్సులోంచి కేకలు పెడుతుంటే, వాడు డెబ్భయ్యో తలుపు దాకా నడిచి వచ్చి, ‘డెబ్భై అండి’ అని నాకు అప్పజెప్పి బస్సెక్కాడు. నాలుగు పాయల మీదా కలిపి 175 తలుపులని నేను చెబితే, ‘మిగతావి నేను చూడలేదు కదండీ’ అన్నాడు. వాడి వ్యాసంలో కాటన్ దొర లేడు, గోదావరి ఎక్కడ పుట్టిందో లేదు. బస్సు దిగినప్పటి నుంచి ఎక్కే వరకు ఒకదాని తరవాత ఒకటిగా జరిగినవి ఉన్నాయి, చివర 70 అన్న అంకె ఉంది.

మూడోది కౌలు రైతు కొడుకుది. అది వ్యాసమే కాదు, పటం. కాగితం పైభాగాన గోదావరి, అడ్డంగా బ్యారేజీ, కింద గౌతమి, వశిష్ఠ విడిపోవడం, మధ్య డెల్టా ప్రధాన కాలువ, దాన్నుంచి పిల్లకాలువ, పిల్లకాలువ నుంచి పంట బోదె, బోదె చివర తూము, తూము పక్కన వాళ్ల నాన్న కౌలుకు చేసే చేను. ఆ చేను గోదావరి కంటె పెద్దదిగా ఉంది. ఒక తప్పు కూడా ఉంది: వశిష్ఠ నుంచి చీలవలసిన వైనతేయను వాడు గౌతమి నుంచి చీల్చాడు. పటం కింద ఒకే వాక్యం రాశాడు: ‘ఇక్కడ తలుపు ఎత్తితే మా శివారు చేలోకి నీళ్లు ఎన్ని రోజులకు వస్తాయని మాస్టారిని అడిగాను, చెప్పలేదు.’

అడిగిన మాట నిజమే. బస్సులో అందరినీ ఎక్కించే హడావుడిలో ఉండి నేను పట్టించుకోలేదు. తెలిస్తే చెప్పేవాణ్నేమో, నాకూ తెలియదు.

అమ్మాయికి పదికి తొమ్మిది వేశాను. తలుపులు లెక్కపెట్టినవాడికి ఏడు. పటం గీసినవాడికి అయిదు, పక్కన ‘వ్యాసం రాయమంటే బొమ్మలా?’ అని వ్యాఖ్య. ముప్పయ్యేడేళ్ల తరవాత కూడా ఆ ఎర్ర సిరా చెక్కు చెదరలేదు, మంచి సిరా.

రాజమండ్రిలో బి.ఇడి. చదివినప్పుడు ‘వైయక్తిక భేదాలు’ అన్న అధ్యాయాన్ని మేమంతా బట్టీపట్టి పరీక్ష రాశాం. ప్రతి విద్యార్థీ వేరని, ఆ తేడా గమనించి బోధించాలని పది పాయింట్లు రాస్తే మార్కులు పడేవి. అరవై మంది విద్యార్థి ఉపాధ్యాయులం ఆ తేడాను ఒకే రకంగా, ఒకే పది పాయింట్లుగా రాశాం. నా భార్య ప్రాథమిక పాఠశాలలో పనిచేసేది. బ్రిటన్ సాయంతో అప్పట్లో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకంలో (ఎ.పి.పి.ఇ.పి.) ఆమెకు శిక్షణ ఇచ్చారు. దాని ఆరు సూత్రాల్లో వైయక్తిక భేదాలకు తగిన అవకాశం కల్పించడం కూడా ఒకటి. ఆమె ఈ మాటను నాకంటె గట్టిగా పట్టుకుంది. చింతపిక్కలు, పుల్లలు, ఈనెలు సంచిలో వేసుకుని బడికి వెళ్లేది. హైస్కూలు వాళ్లం దాన్ని చూసి నవ్వేవాళ్లం. పదో తరగతి ఫలితాల శాతం చెప్పుకునే మాకు చింతపిక్కలతో పనేమిటి?

ఆ అమ్మాయి పదో తరగతిలోకి వచ్చాక జరిగిన ఒక సంగతి నన్ను ఎక్కువ కాలం వేధించింది. ప్రాథమిక అనుపాత సిద్ధాంతం చెప్పాను. త్రిభుజంలో ఒక భుజానికి సమాంతరంగా గీసిన రేఖ మిగతా రెండు భుజాలను ఒకే నిష్పత్తిలో విభజిస్తుందని దాని సారం. పుస్తకంలో త్రిభుజం పేరు ఎ బి సి, సమాంతర రేఖ డి ఇ. అర్ధ సంవత్సర పరీక్షలో నేను కావాలని పేర్లు మార్చి, త్రిభుజాన్ని పి క్యూ ఆర్ అని, రేఖను ఎస్ టి అని ఇచ్చాను. అమ్మాయి ప్రశ్నపత్రంలోని పటాన్ని పట్టించుకోకుండా పక్కన ఎ బి సి త్రిభుజం గీసి, పుస్తకంలోని ఉపపత్తిని మొదటి అక్షరం నుంచి చివరి ‘నిరూపించబడినది’ వరకు ఒక్క తప్పు లేకుండా రాసింది. దీనికెన్ని మార్కులు? నేను అయిదుకు రెండు వేశాను. సాటి ఉపాధ్యాయుడొకరు ‘పబ్లిక్ పరీక్షలో పూర్తి మార్కులు పడే జవాబండీ ఇది, పిల్లను ఎందుకు బెదరగొడతారు?’ అని వాదించారు. వాదన తెగలేదు. ఆ మరుసటి ఏడాది తరగతి వాళ్లు నా అలవాటు ముందే కనిపెట్టి, ఎ బి సి తో ఒకసారి, పి క్యూ ఆర్ తో ఒకసారి, ఎల్ ఎం ఎన్ తో ఒకసారి, మూడు రకాలుగానూ బట్టీపట్టి వచ్చారు. మార్పు నేర్పాననుకున్న నాకు శ్రమ మూడింతలు పెంచిన ఘనత మాత్రం దక్కింది.

ఉపపత్తిలో అసలు కీలకం ఒకటే ఉంది: ఒకే భూమి మీద, ఒకే జత సమాంతర రేఖల మధ్య ఉన్న త్రిభుజాల వైశాల్యాలు సమానం. అది కళ్లకు కట్టించాలని ఒక సాయంత్రం తరగతిని బడి వెనక చేలలోకి తీసుకెళ్లాను. కోతలు అయిపోయి, కుప్పలు ఎత్తేసి, నేల ఆరి ఉంది. ఒకదానికొకటి సమాంతరంగా ఉన్న రెండు గట్లు చూసుకుని, ఒక గట్టు మీద రెండు కర్రలు పాతి, ఎదుటి గట్టు మీద ఒక కుర్రవాణ్ని నిలబెట్టి, కర్రల నుంచి వాడి చేతికి తాడు పట్టించాను. వాడు గట్టు వెంట నడుస్తుంటే త్రిభుజం ఒకవైపు వాలి సన్నగా, పొడుగ్గా సాగుతోంది. లోపలి నేల పెరిగిందా, తగ్గిందా అని అడిగాను. కౌలు రైతు కొడుకు తాడు కదలకముందే ‘అంతేనండి, పక్కకు పోతే పొడుగవుద్ది గాని చేను పెరగదండి’ అన్నాడు. ఎందుకో చెప్పమంటే చెప్పలేకపోయాడు, బడికి వచ్చి రాయమంటే రెండు వాక్యాల దగ్గర ఆగిపోయాడు. మేస్త్రి కొడుకు అసలు ఒప్పుకోలేదు. భూమి ఎంతో, ఎత్తు ఎంతో జానలతో కొలిచి, గట్టు మీదే పుల్లతో గుణించి, కుర్రవాణ్ని నాలుగు చోట్ల నిలబెట్టి నాలుగుసార్లు ఒకే జవాబు వచ్చాక ‘ఆయ్, సరేనండి’ అన్నాడు. అప్పటికి చీకటి పడింది. అమ్మాయి పడవ వేళ దాటిపోతోందని మధ్యలోనే వెళ్లిపోయింది.

ఈ ఇద్దరి వంటివాళ్లను గురించి గోర్డన్ పాస్క్ అనే ఆంగ్లేయుడు 1970లలో రాశాడని నాకు పదవీ విరమణ అయ్యాక తెలిసింది. ఆయన లోకంలో లేని జంతువులను ఊహించి, వాటి వర్గీకరణ నేర్చుకోమని మనుషులకిచ్చి, ఎవరు ఎలా నేర్చుకుంటున్నారో చూశాడు. కొందరు మెట్టు తరవాత మెట్టుగా వెళ్లారు, కొందరు ముందు మొత్తం రూపం పట్టుకుని తరవాత వివరాలకు దిగారు. మొదటివాళ్లు చెట్లను చూస్తూ అడవిని మరిచిపోయే ప్రమాదం, రెండోవాళ్లు ఆధారం లేకుండానే పోలిక కట్టేసే ప్రమాదం ఉన్నాయట. వైనతేయ గౌతమి నుంచి చీలడం అలాంటి పోలికే కదా అనిపించింది నాకు.

అయితే మనిషికొక ముద్ర వేయడంలో ఉన్న సుఖం ప్రమాదకరమైనదని కూడా నా అనుభవమే చెప్పింది. 2000 తరవాత ఒక వేసవి శిక్షణలో, పిల్లలు మూడు రకాలని, చూసి నేర్చేవాళ్లు, విని నేర్చేవాళ్లు, కదులుతూ చేసి నేర్చేవాళ్లని, ఎవరికి తగ్గట్టు వారికి బోధించాలని చెప్పి పంపారు. నేను శ్రద్ధగా హాజరు పట్టీలో పేర్ల పక్కన పెన్సిలుతో దృ, శ్ర, చ అని గుర్తులు పెట్టుకున్నాను. ఒక కుర్రవాడు క్షణం కుదురుగా కూర్చునేవాడు కాదు కనుక వాడికి ‘చ’ పెట్టాను. రెండు నెలల తరవాత తెలిసింది, వాడు కూర్చునే బెంచీ పలకలో మేకు లేచి ఉందని. మేకు కొట్టించాక వాడు రాయిలా కూర్చున్నాడు. ఆ ‘చ’ చెరపడం నేను మరిచిపోయాను, ఇప్పటికీ పట్టీలో అలాగే ఉంది. అలా రకాలుగా విడదీసి బోధిస్తే మేలు జరుగుతుందనడానికి తగిన ఆధారం లేదని 2008లో హెరాల్డ్ పాష్లర్, మరి ముగ్గురు మనస్తత్వవేత్తలు అంతవరకు జరిగిన పరిశోధనలన్నీ వడపోసి తేల్చారు. ఆ సంగతి మా ఊరి దాకా రావడానికి, శివారు చేలకు నీళ్లు వచ్చినట్టు, చాలా కాలం పట్టింది.

నాకు అక్కరకొచ్చిన మాట మాత్రం స్వీడన్ నుంచి వచ్చింది. మా అమ్మాయి ఎం.ఇడి. చదువుతూ ఇంటికి తెచ్చిన పుస్తకాల్లో చూశాను. 1976లో గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఫెరెన్స్ మార్టన్, రోజర్ సాల్యో విద్యార్థులకు ఒక వ్యాసం చదవమని ఇచ్చి, తరవాత ఏం అర్థమైందని, ఎలా చదివావని విడివిడిగా అడిగారు. కొందరు మాటలను పట్టుకున్నారు, కొందరు ఆ మాటల వెనక రచయిత చెప్పదలచినదాన్ని పట్టుకున్నారు. ఉపరితల పద్ధతి, గాఢ పద్ధతి అన్న పేర్లు అక్కడ పుట్టాయి. ఇంతవరకు ఎవరైనా ఊహించేదే. నన్ను ఆపింది దాని తరవాతి ప్రయోగం. వివరాలడిగే ప్రశ్నలు వస్తాయని అలవాటుపడ్డ విద్యార్థులు ఆ వివరాల కోసమే చదవడం మొదలుపెట్టారు. సారాంశం అడుగుతారని తెలిసినవాళ్లలో కొందరు, అర్థం జోలికి పోకుండా సారాంశం ఒప్పజెప్పడమే ఒక విద్యగా నేర్చారు. పి క్యూ ఆర్, ఎల్ ఎం ఎన్ బట్టీపట్టిన నా పిల్లలు ఆ వాక్యంలో కనిపించారు. మొన్నమొన్న నిరంతర సమగ్ర మూల్యాంకనం అనే పరీక్షల పద్ధతి వచ్చి ‘మీ సొంత మాటల్లో రాయండి’ అన్నప్పుడు, ఆ సొంత మాటలు అచ్చేసిన గైడ్లు అమలాపురం బజారులో వేలాడిన సంగతీ గుర్తొచ్చింది. తరగతిలో నలభై మంది సొంత మాటలు కామాలతో సహా ఒక్కటిగా ఉండేవి.

బట్టీ అనగానే చిన్నచూపు చూడడం నా తరం లెక్కల మాస్టార్లకు మామూలు. దాన్ని కొంత సడలించింది మా పక్క ఊరి అగ్రహారంలోని ఒక ఘనపాఠి, అంటే వేదాన్ని ఘన అనే పద్ధతిలో వల్లించే పండితుడు. ఆయన మనవడికి లెక్కలు చెప్పడానికి వెళ్లేవాణ్ని. ఒకరోజు ఘన అంటే ఏమిటని అడిగితే వేళ్లు మడిచి చూపించారు. వేదంలోని పదాలను వల్లించే జట అనే పద్ధతిలో ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు. ఘనలో దాని మీద ఒకటి-రెండు-మూడు, మూడు-రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు. ఇలా ప్రతి పదాన్నీ పక్క పదాలతో ముందుకూ వెనక్కూ తిప్పుకుంటూ పోవాలి. ఎక్కడ జారినా నాలుక అక్కడే పట్టుబడుతుంది. ‘అర్థం తెలియకుండానే ఇంత నేర్చుకుంటారాండీ?’ అన్నాను, కొంచెం ఎకసెక్కంగానే. ఆయన నొచ్చుకోలేదు. ‘ముందు నోట్లో ఉండాలి మాస్టారూ. తరవాతెప్పుడో అర్థం తెలుసుకోవాలని బుద్ధి పుడితే, దేని అర్థమని వెతుక్కుంటాం?’ అన్నారు. యాంత్రికంగా వల్లెవేయడం వేరు, అర్థం కోసం మళ్లీ మళ్లీ వల్లెవేయడం వేరని చైనా ఉపాధ్యాయ శిక్షకులు చెప్పగా విని, మార్టన్ కూడా 1990లలో రాశాడు. ఆ రాతను నేను చదివేటప్పటికి మా ఘనపాఠి గారు లేరు.

లంక అమ్మాయి ఎక్కడో బ్యాంకులో ఆఫీసరైందని తెలుసు గాని, చాలా ఏళ్ల తరవాత అమలాపురంలో ఒక పెళ్లిలో ఎదురుపడింది. పంక్తిలో నా పక్కన కూర్చుంది. మాటల్లో ఆ అయిదుకు రెండు మార్కుల సంగతి నేనే ఎత్తాను, తప్పు ఒప్పుకుంటున్నట్టుగా. ఆమె నవ్వింది.

‘నేను ఎనిమిదిలో ఉండగా వరదొచ్చింది కదండీ.’

1986 ఆగస్టు వరద. లంకల్లో ఇళ్లు మునిగి, జనం గట్ల మీద పడి రోజులు గడిపిన వరద.

‘పుస్తకాలన్నీ పోయినాయండి. మా నాన్న మళ్లీ కొన్నాడు గాని, ఇవీ పోతే ఎలాగని భయం. అందుకని ఏ పేజీకాపేజీ నోటికి పెట్టేసేదాన్ని. బోర్డు కనపడ్డా అంతే. మీరేమో దానికే తొమ్మిది వేశారు. ఇంకేం, అదే మంచిదనుకున్నాను.’

పప్పు వడ్డించేవాడు వచ్చాడు, మేం కాసేపు మాట్లాడలేదు.

‘ఆ సిద్ధాంతం ఇంటర్లో అర్థమైందండి,’ అంది తనే మళ్లీ. ‘పడవలో కూర్చుని ఊరికే నోటికొచ్చింది చదువుకుంటున్నాను. మీరన్న పి క్యూ ఆర్ గుర్తొచ్చి పేర్లు మార్చి చదివాను. తరవాత రేఖను కొంచెం కిందికి జరిపి చదివాను. ఏం మారలేదండి. అప్పుడు తెలిసింది. రేవు వచ్చినా దిగకుండా కూర్చుంటే సరంగు కేకలేశాడు.’

మిగిలిన ఇద్దరి సంగతి క్లుప్తంగానే చెప్పాలి. మేస్త్రి కొడుకు రాసిన ప్రతి లెక్కా సరిగ్గానే రాశాడు గాని, ఏ పరీక్షలోనూ రెండున్నర గంటల్లో పేపరు పూర్తి చేయలేకపోయాడు. మార్చిలో తప్పి, సెప్టెంబరులో గట్టెక్కి, తండ్రి వెంట వలుపులోకి వెళ్లాడు. వాడు లెక్కపెట్టిన కాయల రాశిని అంబాజీపేట వ్యాపారులు మళ్లీ లెక్కపెట్టరని విన్నాను. కౌలు రైతు కొడుకు మస్కట్ వెళ్లాడు, ఉత్తరం గాని ఫోను గాని లేదు. వాడి ప్రశ్నకు నేనింకా జవాబు చెప్పలేదు.

ఆ సాయంత్రం, సున్నం వాసన నిండిన వసారాలో, మూడు కాగితాలూ నా భార్య చేతికిచ్చి, నా మార్కుల మీద వేలు అడ్డం పెట్టి, ‘నువ్వయితే ఎంతెంత వేస్తావు?’ అన్నాను. ముప్పయ్యేళ్లు చిన్నపిల్లలకు చదువు చెప్పిన మనిషి, కళ్లజోడు సవరించుకుని మూడూ చదివింది. పటం దగ్గర ఎక్కువసేపు ఆగింది. తలుపుల లెక్క దగ్గర నవ్వింది.

‘మీరేం ప్రశ్న ఇచ్చారు?’

‘చూసింది రాయమన్నాను.’

‘ముగ్గురూ చూసిందే రాశారు కదండీ,’ అని కాగితాలు నా ఒళ్లో పెట్టి, బియ్యం కడగాలంటూ లోపలికి వెళ్లిపోయింది.